దగ్గు దాచిన పిల్లకు దర్వాజ కావలి

నా చిన్నప్పుడు నాకు బాగా వచ్చిన విద్య ఒకటే, దగ్గును దాచడం. అప్పుడు నాకు ఎనిమిదేళ్లుంటాయి. గొంతులో గరగర మొదలు కాగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి పశువుల కొట్టం వెనక్కి పరుగెత్తేదాన్ని. అక్కడ గోడ పట్టుకుని, కళ్లలో నీళ్లు కారేదాకా దగ్గి, లంగా అంచుతో మొహం తుడుచుకుని, ఏమీ ఎరగనిదానిలా తిరిగి వచ్చేదాన్ని. ఆ దగ్గుకు ఒక గుణం ఉంది. వచ్చినప్పుడు ప్రాణం తోడేస్తుంది. పోయిందంటే పిల్ల మామూలుగా ఆడుకుంటూ ఉంటుంది. అందుకే నా దొంగతనం చాలా రోజులు దొరకలేదు.

మాది జడ్చర్లకు బస్సులో గంట దూరం. వానలు పడని ఏళ్లే ఎక్కువ. పంట చేతికి రాని ఏడు మా అమ్మ, బాపు మేస్త్రీ వెంట మట్టిపనికి పోయేవాళ్లు, ఎక్కడో కాలువలు తవ్వడానికి. ఆ పనిలో మొగుడు పెళ్లాలను కలిపి ఒక జోడీగా లెక్కేస్తారు. జోడీ పోయిందంటే పిల్లలు ఊళ్లో అవ్వల దగ్గర మిగిలిపోతారు. నేనూ అట్లాగే మా అవ్వ దగ్గర, అంటే బాపు వాళ్ల అమ్మ దగ్గర మిగిలిపోయాను. ఆ ఏడు మా మేనత్త కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. నాకు మరదలు పుట్టిందన్నమాట.

అమ్మ లేని ఇంట్లో ఆ పాప నాకు ఎంత తోడో చెప్పలేను. అత్తమ్మ స్నానానికి పోయినప్పుడల్లా నా కాళ్లు చాపించి పాపను ఒళ్లో వేసేది. గుప్పెడంత మొహం, నిద్రలో ముడిచే మూతి. బడికి పోతే మళ్లీ ఎప్పుడు ఇంటికి వస్తానా అనుకునేదాన్ని. నేను దగ్గుతున్నానని తెలిస్తే ఒళ్లో వేయరు. దాచడానికి అంతకన్నా వేరే కారణం ఏమీ లేదు.

ఆ రోజుల్లో ఊళ్లో చాలామంది పిల్లలు దగ్గుతున్నారు. కోరింత దగ్గు అనేవాళ్లు, కొందరు నూరు దినాల దగ్గు అనేవాళ్లు. దానికి మా ఊరి మందు గాడిద పాలు. బట్టలుతికే మామ ఆదివారం పొద్దున గాడిదను తెచ్చి మా వాకిట్లోనే కట్టేసేవాడు. ఎందుకంటే ఊరికంతా కలిపి వెండి ఉగ్గుగిన్నె ఉన్నది మా అవ్వ దగ్గరే. వెండి గిన్నెతో పోస్తే పాలకు గుణం ఎక్కువని నమ్మకం. దగ్గే పిల్లలంతా వరుసగా కూర్చునేవాళ్లు. అవ్వ ఒకే గిన్నెతో ఒక్కొక్కరికీ పోసుకుంటూ పోయేది. దగ్గు రాకుండా ముందే పోస్తే మంచిదని పసిపిల్లలను కూడా ఎత్తుకొచ్చేవాళ్లు. నా మరదలికి నాలుగో రోజున ఆ గిన్నెతోనే ఒక చుక్క పడింది.

వెనక వాడకట్టులో ఉన్న ఒక అక్క తన రెండు నెలల కొడుకును కూడా అట్లాగే తెచ్చింది. తర్వాత కొన్ని రోజులకు ఒక మధ్యాహ్నం ఆ పిల్లవాడు పాలు తాగుతూ తాగుతూ నీలంగా మారి ఆగిపోయాడు. వాడు ఒక్కసారి కూడా దగ్గలేదు. కాబట్టి దగ్గు సంగతి ఎవరికీ తట్టలేదు. గాలి సోకిందన్నారు. నేను కూడా వెళ్లి అందరి మధ్య నిలబడి చూసి వచ్చాను.

ఆ కబురు విని మూడో రోజు నర్సమ్మ వచ్చింది. పక్క పెద్ద ఊరి దవాఖానలో పని, నల్ల గొడుగు, భుజాన సంచి, ఎర్రటి మట్టిలో నడిచి నడిచి అంచు రంగు మారిపోయిన తెల్ల చీర. ఇల్లిల్లూ తిరిగి ఎవరైనా దగ్గుతున్నారా అని అడిగింది. మా ఊరు మొత్తం ఒక్క నోటితో లేదంది. దగ్గుందంటే సంచిలోంచి సూది బయటికి వస్తుందని పెద్దలకూ పిల్లలకూ ఒకటే భయం. మొన్నటిదాకా మా వాకిట్లో వరుసగా కూర్చున్నవాళ్లే ఆ పూట బండరాళ్లలా ఉన్నారు.

చివరికి బాలింతను చూడటానికి మా ఇంటికి వచ్చింది. పాపను చూసింది, అత్తమ్మను చూసింది, తర్వాత నన్ను చూసింది. నా కంటి తెల్లగుడ్డులో చిక్కుడు గింజంత ఎర్రమచ్చ ఉండేది. ఏమైందని అడిగితే లేగదూడ కొమ్ము తగిలిందన్నాను. మా లేగదూడకు అప్పటికి కొమ్ములే రాలేదు. నర్సమ్మ కొట్టం వైపు ఒకసారి చూసింది. సంచిలోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి, నాలుక మీద పెట్టుకుని పైకెత్తి చూపించమంది. బిళ్ల ఆశకు నేను నోరంతా తెరిచాను. నాలుక కింద, పళ్లు తగిలే చోట, నాకో పుండు ఉంది. కారం తగిలితే మండేది. దగ్గినప్పుడల్లా నాలుక బయటికి తోసుకొచ్చి కింది పళ్లకు ఒరుసుకుంటే అట్లా పుండవుతుందని, ఆ ఒత్తిడికే కంట్లో నెత్తురు చిమ్మి మచ్చ పడుతుందని నాకేం తెలుసు? ఆమెకు తెలుసు.

అయినా నన్ను పట్టుకున్నానని చెప్పలేదు. అవ్వను చాయ్ పెట్టమని, మంచం మీద స్థిరంగా కూర్చుని నాకో కథ మొదలుపెట్టింది. ఒక పహిల్వాన్ ఉన్నాడట. రెండు చేతులతో రెండు జొన్న బస్తాలు ఎత్తేవాడట. జ్వరమొచ్చి దవాఖానకు వచ్చాడు. సూది చూడగానే కిటికీలోంచి దూకి దవాఖాన కప్పు ఎక్కి కూర్చున్నాడు. డాక్టరు బతిమాలాడు, పెళ్లాం తిట్టింది, దిగలేదు. చివరికి నాలుగేళ్ల బిడ్డ వచ్చి తాను సూది వేయించుకుని, "బాపూ, దిగు, చీమ కుట్టినట్టుంది, గంతే" అంది. పహిల్వాన్ పైనుంచి తొంగి చూసి అడిగాడట, "ఎర్ర చీమనా బిడ్డా, నల్ల చీమనా?"

నేను పడీ పడీ నవ్వాను. ఆ నవ్వులోంచే దగ్గు లేచింది. ఈసారి కొట్టం వెనక్కి పరుగెత్తే వ్యవధి లేదు. ఒకదాని మీద ఒకటి, మధ్యలో గాలి పీల్చుకునే సందు లేకుండా, మొహం కందిపోయేదాకా దగ్గాను. చివరికి గాలి కోసం లాగిన ఊపిరి కోడిపుంజు కూసినట్టు ఇంత పొడుగున కూసింది. పొద్దున తిన్న జొన్నరొట్టె అంతా బయటికి వచ్చేసింది. ఆమె నా నుదురు పట్టుకుని కూర్చుంది. ఆమె చీర పాడైంది కూడా. నా వీపు నిమిరి, మూతి తుడిచి, అప్పుడు అంది.

"అయిపోయింది బిడ్డా. ఇగ దాచే పని లేదు."

నాకు ఏడుపు వచ్చింది. దొరికినందుకు కాదు. అత్తమ్మ పాపను గుండెలకు అదుముకుని గోడ దాకా జరిగిపోయింది. నన్ను చూసి భయపడిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

నర్సమ్మ అవ్వతో మెల్లగా మాట్లాడింది. గాడిద పాలను తిట్టలేదు. "పాలతోని కాదవ్వా. పాలకని గీ పిల్లలందరిని ఒక్క తాన కూసోబెడ్తున్నవ్ గద. దగ్గితే తుంపర్లు పక్కోళ్లకు అంటుతయ్. పెద్ద పిల్లలు దగ్గి దగ్గి బతుకుతరు. పసిగుడ్డుకు దగ్గే తాకత్ ఎక్కడిది? ఊపిరే ఆగుతది" అంది. మా అవ్వ తన తప్పు ఎవరి ముందూ ఒప్పుకునే మనిషి కాదు. ఉగ్గుగిన్నెను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. తర్వాత, "వెనక వాడకట్టు పిలగాడు గిట్లనే పోయిండా?" అని అడిగింది. నర్సమ్మ, తాను కళ్లతో చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేనని, కానీ అట్లాగే అనిపిస్తోందని చెప్పింది. అవ్వ లేచి గిన్నెను కడిగి గుడ్డలో చుట్టి సందూకలో అడుగున పెట్టింది. మళ్లీ అది ఎవరి నోటికీ తగలడం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున బస్సుకే మేమంతా జడ్చర్ల దవాఖానకు పోయాం. డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి విని, లోపల ఏమీ వినిపించడం లేదని, ఈ దగ్గు లక్షణమే అంతని అన్నాడు. నర్సమ్మ చెప్పిన కంటి మచ్చను, నాలుక పుండును మళ్లీ ఒకసారి చూసి గోలీలు రాశాడు. నాకే కాదు, అత్తమ్మకు, అవ్వకు, పాపకు చుక్కల మందు. దగ్గేవాళ్లకు సరే, నాకెందుకయ్యా అని అవ్వ గొడవపెట్టుకుంది. నీ కోసం కాదవ్వా, నీ ఒళ్లో పడుకునే పాప కోసం అన్నాడాయన. మా అవ్వ నోరు మూయించిన మగవాడు నాకు తెలిసి ఆయన ఒక్కడే.

నాతో కూడా పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడాడు. ఈ మందుతో నీ దగ్గు ఇప్పుడే పోదు, వారాల తరబడి ఉంటుంది. కానీ అయిదు రోజులు సరిగ్గా మింగితే నీ నుంచి ఇంకొకరికి అంటడం ఆగుతుంది. అందాకా పాపకు దూరంగా ఉండు, గోలీలు మాత్రం అయిపోయేదాకా మానొద్దు. తిన్నది కక్కుకుంటే కాసేపాగి మళ్లీ కొంచెం తిను. పొయ్యి పొగ దగ్గర కూర్చోకు. అత్తమ్మకేమో ఒకటే మాట చెప్పాడు. రెండు వారాలు పాప పెదాలు కనిపెట్టుకుని ఉండాలి, దగ్గు కోసం చూడొద్దు, రంగు మారిందా, పాలు తాగుతూ ఊపిరి ఆపిందా అని చూడాలి, మారితే ఉన్నపళంగా తేవాలి.

ఇంటికి రాగానే నా మంచం వాకిలి చివర, దర్వాజ పక్కన పందిరి కిందికి మారిపోయింది. రెండు రోజులు నాకు అన్నం పోలేదు. లోపల పాప ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. ఆ పాప పోతే అది నా వల్లేనని నాకు ఎవరూ చెప్పలేదు, అయినా తెలుసు. వెనక వాడకట్టు పిల్లవాడిని కూడా నేను ఒకసారి ఎత్తుకున్నాను. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లకు ఇక్కడే రాస్తున్నాను.

నర్సమ్మ మళ్లీ వచ్చినప్పుడు మంచం మీద ముడుచుకుని ఉన్న నన్ను చూసింది. ఓదార్చలేదు, ఉద్యోగం ఇచ్చింది. "నువ్వు దగ్గు దాచినదానివి. దాచెటోళ్ల ఇకమతులన్నీ నీకెరుక. ఇయ్యాల్టి సంది గీ దర్వాజకు నువ్వే కావలి. దగ్గేటోళ్లను ఒక్కళ్లను లోపటికి పోనియ్యొద్దు" అని నా చేతికి దుడ్డుకర్ర ఇచ్చింది. లోపలి నుంచి అవ్వ, "బాగుంది, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు" అని గొణిగింది. కానీ ఆ రోజు నేను గిన్నెలో పెట్టిన జొన్న గట్కంతా తిన్నాను.

నేను పని బాగా చేశాను. దగ్గు దాచేవాడు ఊరికే గుటకలు మింగుతాడు. మాట మధ్యలో ఆపి ఆకాశం చూస్తాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి. అనుమానం ఉన్నవాళ్లకు పహిల్వాన్ కథ చెప్పేదాన్ని. ఎర్ర చీమా నల్ల చీమా దగ్గరికి రాగానే నవ్వేవాళ్లు, నవ్వగానే దొరికిపోయేవాళ్లు. అట్లా ఇద్దరు ముగ్గురిని వెనక్కి పంపాను. వాళ్లను నర్సమ్మ దగ్గరికి పొమ్మని కూడా చెప్పాను. మధ్యలో ఒక పూట అత్తమ్మ కేక పెట్టింది. పాప పెదవి నల్లబడిందట. అవ్వ ఎత్తి, తుడిచి చూస్తే అది కాటుక. ఆ పూట ఇంటిల్లిపాదీ ఏడుస్తూ నవ్వారు. నేను దర్వాజ దగ్గర నుంచే నవ్వి, దగ్గి, కూర్చున్నాను.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. మా ఇళ్లల్లో ఆ రోజు బిడ్డను తొట్టెలలో వేసేది మేనమామ. కొత్తబట్టలు, మొలతాడు ఆయనే తేవాలి. నలుగురినే పిలవమని నర్సమ్మ ముందే చెప్పింది, ఆమె కూడా వచ్చి కూర్చుంది. అందరూ మా బాపు కోసం చూస్తున్నారు. జోడీలో ఒకరికే సెలవు ఇస్తానన్నాడట మేస్త్రీ, అందుకని అమ్మ రాలేదు. ఎండెక్కే వేళకు బాట మీద బాపు కనిపించాడు. నాలుగు నెలల తర్వాత చూడటం. కర్ర పడేసి ఉరకబోయాను.

అంతలో ఆయన బుగ్గ కనిపించింది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. కరక్కాయ ముక్క. దగ్గును ఆపుకోవడానికి మా వాళ్లు బుగ్గన పెట్టుకుంటారు. దగ్గరికి వచ్చి నా తల మీద చెయ్యి వేయబోతూ ఒకసారి మొహం పక్కకు తిప్పి గుటక మింగాడు. ఆకాశం వైపు చూశాడు.

ఒక కథ చెప్తా బాపూ, అని మొదలుపెట్టాను. దారి నడిచి వచ్చిన మనిషి, దాహంతో ఉన్నాడు, అయినా బిడ్డ కథ చెప్తోందని నిలబడి విన్నాడు. చీమ దగ్గరికి రాగానే పెద్దగా నవ్వాడు. ఆ తర్వాత దర్వాజ కట్టె పట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. నాలాగా కూత లేదు, పెద్దవాళ్లకు అంతగా ఉండదట. కానీ ఆపకుండా, వంగిపోయి, చివరికి వాంతి అయ్యేదాకా దగ్గాడు. కాలువ పని దగ్గర వాళ్లుండే గుడిసెల్లో పిల్లలంతా దగ్గుతున్నారని, తనకూ పదిహేను రోజులుగా ఉందని తర్వాత చెప్పాడు.

నేను కింద పడేసిన కర్ర తీసి అడ్డం పెట్టాను. "బాపూ, లోపటికి రావొద్దు" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, మళ్లీ అన్నాను.

అవ్వ ఉరికి వచ్చింది. మేనమామ గడప బయట నిలబడితే అపశకునం కాదా, కన్నబిడ్డ తండ్రికి కర్ర అడ్డం పెట్టడం ఎక్కడన్నా ఉందా, అని నన్ను కొట్టబోయింది. బాపు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. నర్సమ్మ మొహం చూశాడు, నా మొహం చూశాడు. భుజం మీది మూటను నేల మీద దించాడు.

"పోనియ్ అవ్వా. మా చెల్లె బిడ్డ బతకాలె. నేను ఈడనే ఉంట. నా బదులు నా బిడ్డ ఏస్తది తొట్టెల్ల."

నేను నర్సమ్మ వైపు చూశాను. నా అయిదు రోజులు దాటి మూడు రోజులైంది. అంటదు, పో, అన్నట్టు తల ఊపింది. నేను కాళ్లూ చేతులూ కడుక్కున్నాను. మధ్యలో దగ్గు వస్తుందేమోనని మూతికి గుడ్డ కట్టుకున్నాను. అత్తమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. తర్వాత పాపను నా చేతుల్లో పెట్టింది. ఊపిరి బిగబట్టి తొట్టెల్లో పడుకోబెట్టి వెనక్కి తిరిగి చూస్తే, మట్టిగోడ మీదుగా మా బాపు తల కనిపిస్తోంది. మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నాడు. అందరికన్నా ఎక్కువ నవ్వుతున్నది ఆయనే.

ఆ రోజు బువ్వ మేమిద్దరం పందిరి కింద తిన్నాం. బాపుకూ గోలీలు వచ్చాయి. గుడిసెల్లో పిల్లలందరికీ మందు ఇప్పించాలని నర్సమ్మ మేస్త్రీకి, అక్కడి దవాఖానకు చీటీలు రాసిచ్చింది. నా దగ్గు వానలు పడేదాకా ఉండి పోయింది. పాప పెదాలు ఎర్రగానే ఉన్నాయి.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ మరదలికి ఈమధ్యే మనుమరాలు పుట్టింది. జడ్చర్లలోనే ఇల్లు. ఇరవై ఒకటో రోజుకని బయల్దేరి, ఆధార్ కార్డు చూపించి బస్సులో కూర్చున్నాక గొంతులో గరగర మొదలైంది. నాలుగు రోజులుగా ఉన్నదే, చిన్న దగ్గు. ఇప్పుడు టీకాలున్నాయి, నాకు తెలుసు. కానీ మొదటిది పడేది నెలన్నరకు, అందాకా ఆ పసిదానికి మనమే దడి. గేటు దాకా పోయి ఆగిపోయాను. పిల్లలు లోపలికి లాగారు, నవ్వారు, మామూలు దగ్గేలే అన్నారు. మామూలుదో కాదో డాక్టరు చెప్పాక వస్తానన్నాను. తెచ్చిన బట్టలు గోడ మీదుగా అందించాను.

కాసేపటికి మరదలు రెండు కుర్చీలు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. కాస్త ఎడంగా ఒకటి వేసి కూర్చుంది.

"ఆనాడు నేను లోపట ఉన్న గద వదినె. ఇయ్యాల నీతోని బయట కూసుంట" అంది.

ఏ దర్వాజ దగ్గర ఆగినా నాకు గోడ మీదుగా మా బాపు నవ్వు మొహమే కనిపిస్తుంది. ఆ రోజూ కనిపించింది. అంతలో ఎవరో చుట్టం మూతికి కొంగు అడ్డం పెట్టుకుని గేటు వైపు వస్తోంది. మరదలు నా వైపు చూసింది, నేను మరదలి వైపు చూశాను. ఇద్దరం ఒక్కసారే మొదలుపెట్టాం, అనగనగా ఒక పహిల్వాన్ అని.